ఒడ్డున నిలబడ్డవాడు

బాపట్ల,
18 జూన్ 2006.

ప్రియమైన మార్కు అన్నయ్యకు,

చెల్లెలు ఫ్లోరెన్సు వందనాలు. పెద్దమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి?

బాపట్ల నుంచి తెనాలికి ఫోన్ చేస్తే సరిపోయేదానికి ఉత్తరమేంటి అనుకుంటావు. ఫోన్ అమ్మ మంచం పక్కనే ఉంది. నేను చెప్పబోయేది అమ్మ వినకూడదు. పైగా కంప్యూటర్ల సంగతి నీకు తెలిసినట్టు నాకు తెలియదు. నువ్వు చెప్పేది కాగితం మీద ఉంటే పక్కన పెట్టుకుని చేసుకోగలను.

మన వినోద్ ఆడే ఆట నీకు గుర్తుండే ఉంటుంది. సముద్రం పక్కన ఊరు కట్టే ఆట. డిగ్రీ అయిపోయి ఉద్యోగం లేకుండా ఉన్న ఏడాదంతా తమ్ముడు ఆ ఊరు కడుతూనే ఉన్నాడు. పొలాలు, బావులు, ఎర్ర పెంకుల ఇళ్ళు, ఒక చర్చి. అందులో తిరిగే మనుషులకు ఇంగ్లీషు అక్షరాల్లో మన పేర్లే పెట్టాడు. నీ పేరుంది, నా పేరుంది, అమ్మ అని ఒక ముసలామె ఉంది. వినోద్ అని కూడా ఒకడున్నాడు. వాడికి మాత్రం ఇల్లు లేదు, దారుల వెంట తిరుగుతుంటాడు.

సూర్యలంకలో సముద్రం వాణ్ణి తీసుకుపోయి రెండేళ్ళు కావస్తోంది. మనకు దొరకలేదు కాబట్టి సమాధి లేదు. సమాధుల తోటలో నాన్న పక్కన చోటు అలాగే ఉంది. అమ్మ అటువైపు వెళ్ళదు. మధ్యాహ్నం అన్నం తిన్నాక కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ఊరిని చూస్తుంది. ఇళ్ళు కట్టదు, దేన్నీ మార్చదు. వాడు నేర్పినట్టు ఆట మొదలుపెట్టి, మనుషులు పొలానికి వెళ్ళడం, రావడం చూస్తూ కూర్చుంటుంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇంకా అక్కడే ఉంటుంది.

ఈమధ్య ఆ ఆట ఉన్నట్టుండి ఆగిపోతోంది. కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో ఆ ఆటకు అప్‌డేట్ ఉందని చూసి, మేలు జరుగుతుందనే వేశాను. సగంలో కరెంటు పోయింది. వచ్చాక మళ్ళీ వేస్తే పూర్తయిందన్నది. ఊరు కూడా తెరుచుకుంది.

కానీ పొలాల్లో ఒక్కరూ లేరన్నయ్యా. ఇళ్ళన్నీ ఖాళీ. మనుషులందరూ ఒడ్డున వరసగా నిలబడి, నీళ్ళ వైపు తిరిగి ఉన్నారు. అలల చప్పుడు మాత్రం వస్తోంది. ఎవరూ కదలడం లేదు.

నేను ఆట ఆపెయ్యబోయాను. అమ్మ మాత్రం కుర్చీ ముందుకు జరుపుకుని, "చూడవే, అందరూ వాణ్ణే వెతుకుతున్నారు" అంది.

ఏం చెయ్యమంటావు?

నీ చెల్లెలు,
ఫ్లోరెన్సు


తెనాలి,
22 జూన్ 2006.

చెల్లెమ్మ ఫ్లోరాకు,

ముందు నువ్వు గాభరాపడటం మానెయ్. ఇలాంటివి మా షాపుకి వారానికొకటి వస్తాయి.

ఆట వేరు, వినోద్ కట్టిన ఊరు వేరు. ఆట ఒక పుస్తకాన్ని చదివి వినిపించే మనిషి అనుకో. ఊరు ఆ పుస్తకం. అదొక చిన్న ఫైలు, అంతే. అప్‌డేట్ వేశామంటే చదివే మనిషిని మార్చామన్నమాట. కొత్తవాడికి పాత రాత సరిగ్గా రాకపోతే తప్పు చదువుతాడు. మధ్యలో కరెంటు కూడా పోయింది కాబట్టి, ఆట కూడా సగం పాతది, సగం కొత్తదిగా మిగిలిపోయి ఉండొచ్చు.

తప్పు చదివినందువల్ల పుస్తకం పాడైపోదు. అసలు ప్రమాదం వేరే ఉంది. ఈ ఆట కాసేపటికోసారి తనంతట తానే సేవ్ చేసుకుంటుంది. అంటే ఆ కొత్తవాడు తను తప్పు చదివిందే పాత రాత మీద మళ్ళీ రాసేస్తాడు. అప్పుడిక పాతది ఉండదు. అందుకని పిన్నిని ఆట తెరవనివ్వకు. ఏదో ఒకటి చెప్పు, కంప్యూటర్ చెడిపోయిందని చెప్పు.

ఆట ఉన్న ఫోల్డర్ తెరిస్తే అందులో సేవ్ అని ఇంకో ఫోల్డర్ కనిపిస్తుంది. దాన్ని మొత్తంగా కాపీ చేసి డి డ్రైవ్‌లో పెట్టు. పాత పేరు పక్కన కాపీ తీసిన తేదీ చేర్చు. అదే ఒక ఫ్లాపీలో కూడా వేసి, రెండు అట్టముక్కల మధ్య పెట్టి నాకు పంపు. అప్‌డేట్ వెయ్యడానికి ముందు చెయ్యాల్సిన పని ఇది. అందరూ తర్వాతే చేస్తారు.

అమ్మ నొప్పులు అలాగే ఉన్నాయి. నిన్ను అడిగింది.

మార్కు


బాపట్ల,
9 జులై 2006.

ప్రియమైన అన్నయ్యకు,

ఫ్లాపీ ఈ కవరులోనే ఉంది. ఆలస్యం చేశాను, తిట్టకు. బడులు తెరిచారు కదా, ఊపిరి సలపడం లేదు.

అమ్మకు కంప్యూటర్ చెడిపోయిందని చెప్పాను. మర్నాడు నేను బడికి వెళ్ళగానే తెరిచేసింది. "చెడిపోతే వెలుగు ఎందుకొస్తుందే?" అని నన్నే అడిగింది. నాలుగు మాటలు గట్టిగా అనబోయి, ఆమె మొహం చూసి అనలేకపోయాను. ఎందుకంటే ఆమె ఏడవడం లేదు. వినోద్ పోయాక మొదటిసారి దేనికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

ఇప్పుడు వాళ్ళు నిలబడి ఊరుకోవడం లేదు. ఒకరొకరుగా నీళ్ళలోకి నడుస్తున్నారు. పరుగెత్తడం లేదు, పొలానికి వెళ్ళినట్టే తాపీగా వెళుతున్నారు. మోకాళ్ళ దాకా, నడుము దాకా. తర్వాత తల మీద పేరు మాత్రం కాసేపు నీళ్ళపైన ఉంటుంది. తర్వాత అదీ ఉండదు. అమ్మ ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని ఎవరు వెళ్ళారో చదువుతుంది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆ పేర్లన్నీ చెప్పి ప్రార్థన చేస్తుంది. నేను ఆమెన్ అంటున్నాను. అనకపోతే ఎలా?

మొన్న శుక్రవారం నీ పేరున్నవాడు వెళ్ళాడు. ఇది రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. నువ్వు బాగానే ఉన్నావు కదూ?

ఇంకొక సంగతి. వినోద్ అని పేరున్నవాడు ముందు నాకు ఆ వరసలో కనపడలేదు. జనం తగ్గాక కనిపించాడు. అందరికంటే వెనక, ఇసుకలో ఉన్నాడు. వాడొక్కడే సముద్రం వైపు తిరిగి లేడు. ఊరి వైపు తిరిగి ఉన్నాడు.

ఫ్లోరెన్సు


తెనాలి,
15 జులై 2006.

ఫ్లోరా,

రాత వంకరగా ఉందని కంగారుపడకు. బండి మీద నుంచి పడ్డాను, కుడి మణికట్టు బెణికింది. ఎడమ చేత్తో రాస్తున్నాను. దుగ్గిరాలలో పసుపు కొట్టువాళ్ళ కంప్యూటర్ చూసి వస్తుంటే జరిగింది. వానలకు రోడ్డు జారుడుగా ఉంది, అంతే.

నీ ఫ్లాపీ చూశాను. ఫైలు లోపల పని ఉన్న ప్రతి మనిషికీ ఒక అంకె ఉంటుంది, అతని పని ఏంటో చెప్పే అంకె. అప్‌డేట్‌లో ఏదో కొత్త పని చేర్చినట్టున్నారు. దాంతో అంకెలన్నీ ఒకటి చొప్పున జరిగాయి. పాత ఆటలో రైతు అని ఉన్నవాడిని కొత్త ఆట జాలరి అని చదువుతోంది. ఆ ఊళ్ళో పని ఉన్నవాళ్ళందరూ రైతులే. జాలరి సముద్రానికి వెళ్ళాలి కదా. ఊళ్ళో పడవ ఒక్కటీ లేదు, వినోద్ కట్టలేదు. పడవ లేని జాలరులు నడిచే వెళుతున్నారు. ఇంతకుమించి అందులో ఏమీ లేదు.

వినోద్ పేరున్నవాడికి అసలు ఏ పనీ లేదు. ఊరూరూ తిరిగే బాటసారి. అంకె లేదు కాబట్టి జరగడానికీ ఏమీ లేదు. అందుకే ఉన్నచోటే ఉన్నాడు. ఊరి వైపు ఎందుకు తిరిగాడన్నది మాత్రం నాకు తెలియలేదు.

నువ్వు పంపిన కాపీ కూడా పాడైన తర్వాత తీసిందే. దీన్ని వెనక్కి తిప్పలేను. మనకు కావలసింది అప్‌డేట్‌కు ముందటి కాపీ. వాడు ఎక్కడైనా దాచాడా? సీడీలు వెతుకు. స్నేహితులెవరికైనా ఇచ్చాడేమో గుర్తు చేసుకో.

మార్కు


బాపట్ల,
21 జులై 2006.

అన్నయ్యా,

నాకు అబద్ధం ఎందుకు చెప్పావు? పెద్దమ్మ అమ్మకు ఫోన్ చేసి అంతా చెప్పింది. నువ్వు రోడ్డు మీద పడలేదు. బండితో సహా కాలవలో పడ్డావు. పొలం వాళ్ళు చూసి లాగకపోతే ఏమయ్యేది? ఆ రోజు శుక్రవారం. నేను రాసిన ఆ శుక్రవారమే.

అంకెలు జరిగాయని నువ్వు రాసింది నేను నమ్ముతున్నాను. తరగతిలో పిల్లలకు చెప్పాల్సి వస్తే నేనూ అదే చెబుతాను. కానీ ఫోన్ పెట్టేశాక అమ్మ నా వైపు తిరిగి, "మార్కుని ఎవరో లాగారంటే, వెతకడానికి వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారన్నమాట" అంది.

బుధవారం నా పేరున్న పిల్ల వెళ్ళింది. అమ్మ నాతో అనలేదు, ప్రార్థనలో నా పేరు విని తెలుసుకున్నాను. మర్నాడంతా ఏదో జరుగుతుందని చూశాను. బావి దగ్గరికి వెళ్ళలేదు. స్నానం కూడా రెండు చెంబుల నీళ్ళతో సరిపెట్టుకున్నాను. ఏమీ జరగలేదు. నవ్వు వచ్చింది, తర్వాత ఏడుపు వచ్చింది.

ఇక వినోద్ పేరున్నవాడు కాక, అమ్మ అని ఉన్న ముసలామె ఒక్కతే మిగిలింది. ఒడ్డున అలాగే నిలబడి ఉంది.

వినోద్ ఒక కాపీ రేపల్లెలో అనంతకృష్ణకు ఇచ్చి ఉంటాడు. ఇద్దరూ ఆ ఆట పోటీ పడి ఆడేవారు. ఆ రోజు సూర్యలంకకు వాడితో వెళ్ళింది కూడా అతనే. తర్వాత ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. అతనికి నేను రాయలేను. నువ్వు వెళ్తావా?

ఫ్లోరెన్సు


రేపల్లె,
30 జులై 2006.

ఫ్లోరా,

అనంతకృష్ణ వాళ్ళ వసారాలో కూర్చుని రాస్తున్నాను. కాలవ సంగతి నీకు చెప్పకపోవడం నిజమే. చెబితే నువ్వు ఏమనుకుంటావో తెలుసు కాబట్టి చెప్పలేదు. నేనూ అదే అనుకుంటున్నాను కాబట్టి కూడా. నీళ్ళలో ఉన్నంతసేపూ, చెయ్యి పట్టుకున్నవాళ్ళ మొహం చూడాలని తిరిగాను. ఎందుకో అడగకు.

అనంతకృష్ణ మనిషి బాగా చిక్కిపోయాడు. నేనెవరో చెప్పగానే లేచి నిలబడి, "పిన్నిగారు బాగున్నారాండి?" అన్నాడు. ఎందుకు రాలేదయ్యా అని నేను అడగలేదు. తనే అన్నాడు, "వస్తే ఆవిడ నన్ను చూడరండి. నా పక్కన వాడున్నాడేమోనని చూస్తారు. నేను తట్టుకోలేనండి."

సీడీ ఉంది. వినోద్ పోవడానికి ఒక నెల ముందు ఇచ్చిందట. అతని కంప్యూటర్‌లో ఆ ఆట ఇంకా పాతదే, అప్‌డేట్ వెయ్యలేదు. అదృష్టం. నేరుగా సీడీ నుంచి తెరవకుండా ముందు ఒక కాపీ తీసి ఆ కాపీనే తెరిచాను.

ఊరు చక్కగా ఉంది ఫ్లోరా. అందరూ పొలాల్లో ఉన్నారు. నువ్వు బావి దగ్గర ఉన్నావు. నేను ఎడ్లబండి తోలుతున్నాను. పిన్ని వాకిట్లో ఉంది. అనంతకృష్ణ తెర దగ్గరకు వంగి, ఒక్కొక్క ఇల్లూ వాడు ఎప్పుడు కట్టాడో చెప్పాడు. చర్చి గోపురం నచ్చక ఎన్నిసార్లు పడగొట్టి కట్టాడో కూడా చెప్పాడు. చెబుతూ నవ్వాడు. లోపల్నుంచి వాళ్ళమ్మగారు తొంగిచూశారు, కొడుకు నవ్వు విని చాలా రోజులైనట్టుంది.

ఒక సంగతి నిన్ను అడగాలి. ఇందులో వినోద్ అనే మనిషి లేడు. బాటసారి ఉన్నాడు కానీ అతనికి పేరు లేదు. అనంతకృష్ణని అడిగాను. "వాడు తన పేరు పెట్టుకోలేదండి. పెట్టుకోరా అంటే, కట్టేవాణ్ణి నేను, నాకు లోపలేం పనిరా అనేవాడు" అన్నాడు.

మరి మీ కంప్యూటర్‌లో ఆ పేరు ఎవరు పెట్టారు? నువ్వా?

మార్కు


బాపట్ల,
2 ఆగస్టు 2006.

అన్నయ్యా,

నేను కాదు. నీ ఉత్తరం రాకముందే మాకు ఇక్కడ ఒకటి జరిగింది. ముందు అది చెబుతాను.

సోమవారం బడి నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. అమ్మ లేదు. కంప్యూటర్ వెలుగుతోంది. ఒడ్డున ముసలామె కూడా లేదు. ఊరంతా ఖాళీ. ఎర్ర ఇళ్ళు, చర్చి, పండిపోయి కోసేవాళ్ళు లేని పొలాలు. ఇసుకలో వాడొక్కడే ఊరి వైపు చూస్తూ నిలబడి ఉన్నాడు.

చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి పరుగెత్తాను. ఆటో స్టాండులో అడిగితే, "మీ అమ్మగారినా? సూర్యలంకలో దింపి వచ్చానమ్మా" అన్నాడు ఒకతను. అదే ఆటోలో కూర్చున్నాను. దారంతా ఏం ప్రార్థించానో గుర్తు లేదు.

అమ్మ పడవల అవతల ఇసుకలో కూర్చుని ఉంది. చీర మోకాళ్ళ దాకా తడిసి ఉంది. సముద్రానికి వీపు పెట్టి, ఊరి వైపు తిరిగి కూర్చుంది. నేను పట్టుకుని ఊపేశాను. "ఏంటమ్మా ఇది, నీళ్ళలోకి ఎందుకు దిగావు?" అని అరిచాను.

"దిగడానికి రాలేదే. కాళ్ళు కడుక్కున్నాను" అంది. "వాడు ఇటు నిలబడి ఏం చూస్తున్నాడో చూద్దామని వచ్చాను."

"ఏం కనపడింది?"

అమ్మ చెయ్యి చాపింది. చెట్ల మీదుగా మన బాపట్ల వైపు. "ఇల్లు ఉన్న దిక్కు కనపడుతోంది" అంది.

ఆ రోజే మొదటిసారి అడిగింది, వాడు ఎక్కడ దిగాడు, ఎటు కొట్టుకుపోయాడు అని. రెండేళ్ళుగా అడగనిది. నాకు తెలిసింది చెప్పాను. పొద్దు వాలేదాకా కూర్చున్నాం.

నీ ఉత్తరం వచ్చాక ఆ పేరు సంగతి అడిగాను. అమ్మే పెట్టిందట. వాడి బైబిలు అట్ట మీద ఉన్న ఇంగ్లీషు అక్షరాలు చూసి, ఒక్కొక్కటే వెతుక్కుంటూ కొట్టిందట. "అందరూ ఉన్నారు, వాడు లేడు. వాడు లేడని నాకు తెలియకనా? నువ్వు నా ముందు తెలియనట్టు ఉంటున్నావు, నేనూ అలాగే ఉన్నాను" అంది. ఇల్లు లేనివాడికే ఎందుకు పెట్టావమ్మా అంటే, "ఇల్లున్నవాళ్ళకు వేరే పేర్లున్నాయిగా" అంది.

నువ్వు రా. అనంతకృష్ణని కూడా తీసుకురా. అమ్మ చెప్పమంది.

ఫ్లోరెన్సు


తెనాలి,
17 ఆగస్టు 2006.

ఫ్లోరా,

మొన్న మీ ఇంట్లో చేసినవన్నీ నువ్వు మరిచిపోకుండా రాసి పంపుతానన్నాను కదా.

కొత్త ఆట పూర్తిగా తీసేసి, పాత సీడీ నుంచి మళ్ళీ ఎక్కించాను. ఇక ఎవరేం చెప్పినా అప్‌డేట్ వెయ్యకు. రేపల్లె కాపీయే ఇప్పుడు మీ ఊరు. మూడు సీడీలు చేశాను. ఒకటి మీ దగ్గర, ఒకటి నా దగ్గర, ఒకటి అనంతకృష్ణ దగ్గర ఉంటాయి. ఒక్క ఇంట్లోనే అన్ని కాపీలూ పెట్టుకుంటే, ఆ ఇంటికి ఏదైనా అయితే అన్నీ పోతాయి. సీడీలు కూడా కలకాలం ఉండవు. అప్పుడప్పుడు తెరిచి చూసి, రెండు మూడేళ్ళకోసారి కొత్త సీడీ మీదికి మార్చాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే సేవ్ ఫోల్డర్‌ను తేదీ వేసి డి డ్రైవ్‌లో కాపీ చెయ్యి. కొత్తది వచ్చిందని పాతదాన్ని వెంటనే చెరిపెయ్యకు. కొత్తది తెరుచుకుంటోందని చూసుకున్నాకే.

పాడైన ఊరిని చెరిపెయ్యమంటారా అని నేను అడిగినప్పుడు పిన్ని అనంతకృష్ణ వైపు చూసింది చూశావా? "నువ్వు చెప్పు నాయనా" అంది. అతను తెర మీద ఉన్నవాణ్ణే చూస్తూ, "ఉంచుదామండి, తెరవొద్దు" అన్నాడు. అందుకే దాన్ని విడిగా ఒక సీడీలో వేసి ఇచ్చాను. మీ కంప్యూటర్‌లోంచి తీసేశాను.

నువ్వు పంపిన ఫ్లాపీ కూడా చెరిపేద్దామని ఇవాళ షాపులో పెట్టాను. చెరిపే ముందు ఒకసారి చూశాను. పొద్దున్నే, షాపు నిండా జనం ఉన్నారు. ఊరి వైపు తిరిగి ఉన్నాడు, నువ్వు రాసినట్టే. చెరపలేదు. ఫ్లాపీ తీసి మా అమ్మ బైబిల్లో పెట్టాను.

మార్కు


బాపట్ల,
19 నవంబరు 2006.

ప్రియమైన అన్నయ్యకు,

ఫ్లోరెన్సు, అమ్మ వందనాలు. మీరంతా క్షేమమని తలుస్తాను.

పోయిన ఆదివారం నాన్న పక్కన ఉన్న చోటులో వినోద్ పేరుతో రాయి పెట్టించాం. కింద ఏమీ లేదు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. అనంతకృష్ణ పొద్దున్నే వచ్చి, అమ్మ పక్కనే నిలబడ్డాడు. అమ్మ అతని చెయ్యి వదల్లేదు. "వీడి మొహం చూస్తే నాకు వీడే కనపడుతున్నాడు, అంతే" అని నాతో అంది. అతనికీ వినపడే ఉంటుంది.

అమ్మ ఇప్పుడూ మధ్యాహ్నం ఆట తెరుస్తుంది, కానీ నేను వచ్చేసరికి కట్టేసి ఉంటుంది. బాటసారికి పేరు పెట్టమంటావా అని అడిగాను. వద్దంది. నెలకోసారి ఇద్దరం సూర్యలంకకు వెళ్ళి, కాసేపు కూర్చుని వస్తున్నాం.

కాపీలు నువ్వు చెప్పినట్టే తీస్తున్నాను. వాటిని తెరిచి చూసేటప్పుడే ఒకటి గమనించాను. నీకు రాయకుండా ఉండలేను. ఊళ్ళో అందరూ మామూలుగానే ఉన్నారు. అమ్మ అనే ముసలామె మాత్రం పొద్దువాలే వేళ తన వాకిట్లోంచి లేచి ఒడ్డుకు వెళుతోంది. నీళ్ళ దగ్గర ఆగుతుంది. కాసేపు ఉండి, మళ్ళీ నడుచుకుంటూ ఇంటికి వస్తుంది. రేపల్లె కాపీలో ఆమె వాకిలి దాటేది కాదని నువ్వే చెప్పావు. అప్‌డేట్ వెయ్యలేదు. కరెంటు పోయినా యూపీయస్ ఉంది. పాత కాపీలన్నీ తెరిచి చూశాను. సెప్టెంబరు వాటిలో లేదు. అమ్మ, నేను సముద్రానికి వెళ్ళడం మొదలుపెట్టాక తీసిన కాపీల్లో ఉంది.

ఫైలు మళ్ళీ పాడవుతోందేమో, అన్నయ్యకు రాస్తానమ్మా అన్నాను. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ముసలామె వెళ్ళడం, రావడం రెండూ చూసింది.

"తిరిగొస్తోందిగా. దాని జోలికి పోవద్దని మార్కుకి రాయి" అంది.

ఫ్లోరెన్సు